వాచీ చూపించని ఇంటి చాకిరీ
ఆహారం – ఆరోగ్యం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, నా వయసు 47, బరువు 68 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. సంక్రాంతికి మా అబ్బాయి బెంగళూరు నుంచి వస్తూ స్మార్ట్ వాచీ తెచ్చి నా చేతికి పెట్టాడు. పొద్దున అయిదున్నరకు లేచి కసువు ఊడ్చి, నీళ్ళు చల్లి ముగ్గేసి, ఇల్లు తుడిచి, బోకులు తోమి, బట్టలు చేత్తోనే ఉతికి మిద్దె మీద ఆరేస్తాను. రెండు పూటలా వంట నాదే. ఇంత చేసినా వాచీలో 1,400 అడుగులే. సాయంత్రం అవుట్‌డోర్ స్టేడియంలో 40 నిమిషాలు నడిస్తే మాత్రం 4,500 అడుగులు, 210 కేలరీలు అంటుంది. అది చూసి మా ఆయన "ఇంట్లో నువ్వు చేసేదేం పెద్ద పని కాదు, వాచీనే చెబుతోంది కదా" అంటున్నారు. రాత్రి చూస్తే మొత్తం 1,870 కేలరీలు ఖర్చయినట్టు ఉంటుంది. అంత కరుగుతుంటే మూడు నెలల్లో అర కిలో కూడా ఎందుకు తగ్గలేదు? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన మాట సంగతి చూద్దాం. ఆ మాట తప్పు. వాచీ మీ అడుగులను లెక్కపెట్టింది, అంతే. అందులో కదలికను పసిగట్టే చిన్న సెన్సరు ఉంటుంది. నడిచేటప్పుడు చెయ్యి ఊగే తీరును బట్టి అది అడుగును గుర్తుపడుతుంది. వంగి కసువు ఊడ్చేటప్పుడు, తడి బట్టల బకెట్టు పట్టుకుని మిద్దె మెట్లెక్కేటప్పుడు చెయ్యి అలా ఊగదు. దుప్పటి పిండేటప్పుడు భుజం, నడుము, మణికట్టు అన్నీ పనిచేస్తాయి, అడుగు ఒక్కటీ పడదు. పైగా మనలో చాలామంది వాచీ ఎడమ చేతికి పెట్టుకుని, చీపురు కుడి చేత్తో పడతాం. ఇంక దానికేం తెలుస్తుంది?

ఈ పని విలువ కాగితం మీద వేసి చూడొచ్చు. నా దగ్గరకు వచ్చేవాళ్ళ చేత నేను చేయించే లెక్కే ఇది, పెన్సిలు ఉంటే చాలు. ఊరకే కూర్చున్నప్పుడు శరీరానికి అయ్యే ఖర్చును ఒకటి అనుకోండి. ఒక పని చేసేటప్పుడు అది ఎన్ని రెట్లవుతుందో చెప్పే అంకెను మెట్ అంటారు. అమెరికా శాస్త్రవేత్తలు వందల పనులకు ఈ అంకెలతో పెద్ద పట్టిక తయారుచేశారు. అది మొదట 1993లో వచ్చింది, 2011లోనూ 2024లోనూ సవరించారు. ఒక మెట్ అంటే గంటకు, కిలో బరువుకు దాదాపు ఒక కేలరీ. కాబట్టి మెట్‌ను మీ బరువుతోనూ, చేసిన గంటలతోనూ గుణిస్తే ఖర్చు వస్తుంది. (తిండి విషయంలో మనం కేలరీ అనేది నిజానికి కిలో కేలరీ. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించేంత శక్తి.)

ఊడ్వడం, తుడవడం సుమారు 3.3. బట్టలు చేత్తో ఉతికి ఆరేయడం 4. నిలబడి మామూలు వంట 2, బోకులు తోమడం కూడా అంతే అనుకుందాం. ఓ మోస్తరు వేగంతో నడక 3.5. మీరు ఏ పనికి ఎంతసేపని రాయలేదు, అందుకని నేనే ఒక అంచనా వేసుకున్నాను: ఊడ్చి తుడవడానికి ముప్పావు గంట, బట్టలకు అరగంట, రెండు పూటల వంటకు రెండు గంటలు, బోకులకు 40 నిమిషాలు. మొదటిది 3.3 × 68 × 0.75, అంటే 168. బట్టలు 136, వంట 272, బోకులు 90. మొత్తం 666 కేలరీలు. మీ సాయంత్రం నడక ఇదే లెక్కలో 159 దగ్గర తేలుతుంది, వాచీ చెప్పిన 210 కాదు.

అయితే ఇక్కడ చాలామంది ఒక అడుగు మరిచిపోతారు. ఆ నాలుగు గంటలు మీరు కూర్చుని ఉన్నా శరీరానికి కొంత ఖర్చు అయ్యేదే కదా. దాన్ని తీసేస్తేనే పని వల్ల అదనంగా ఎంత కరిగిందో తెలుస్తుంది. అందుకు మెట్ అంకెలో నుంచి ఒకటి తగ్గించి మళ్ళీ గుణించాలి. అప్పుడు ఇంటి పని అంతా కలిపి సుమారు 400, నడక సుమారు 113. ఈ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి మీ ఆయనకు చూపించండి. నిమిషాల లెక్కన చూస్తే నడకదే పైచేయి, గుండెకు అందే మేలు కూడా అందులోనే ఎక్కువ. కానీ రోజు మొత్తంలో మీరు కదిలి కరిగించిన శక్తిలో పెద్ద వాటా మీ ఇంటి చాకిరీదే.

ఇక 1,870 సంగతి. అది మీరు పనిచేసి కరిగించింది అనుకోకండి. నిద్రలో కూడా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. మీ వయసు, ఎత్తు, బరువులకు ఒక్క దీనికే రోజుకు 1,250 దాకా అవుతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఇంకో పదోవంతు. మిగిలిందే మీ కదలిక ఖర్చు. చాలా వాచీల్లో రెండు అంకెలు ఉంటాయి, ఒకటి రోజు మొత్తానిది, ఇంకొకటి కదలికది మాత్రమే. మీరు రోజూ చూస్తున్నది మొదటిది. రెండోది ఎక్కడుందో అబ్బాయిని ఫోన్లో అడగండి.

ఆ రెండో అంకెను కూడా బంగారం తూకంలా నమ్మొద్దు. 2017లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేతికి పెట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. వాటిలో ఆరు, గుండె వేగాన్ని అయిదు శాతం తేడాలోపే చెప్పాయి. కేలరీల దగ్గరకు వచ్చేసరికి ఏడింటిలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. అన్నిటికన్నా వెనకబడినది 93 శాతం తప్పింది. తర్వాత వచ్చిన వాచీలు వేరే కావచ్చు, చిక్కు మాత్రం అదే. గుండె వేగాన్ని చూసి పనిని ఊహిస్తాయి. మన కర్నూలు ఏప్రిల్ ఎండలో నీడన నిలబడినా గుండె వేగం పెరుగుతుంది. జ్వరంలో, కంగారులో, గట్టి కాఫీ తాగినా పెరుగుతుంది. వాచీ అదంతా పని కిందే జమకట్టే ప్రమాదం ఉంది. చెమట కూడా అంతే. నడిచి వచ్చాక జాకెట్టు తడిసిపోయిందంటే నీళ్ళు పోయాయని అర్థం, కొవ్వు కరిగిందని కాదు. నేను చెప్పిన మెట్ లెక్కలోనూ పాతిక శాతం అటూ ఇటూ ఉంటుంది. అందుకే దీన్ని ఈ వారం, పోయిన వారం పోల్చుకోవడానికి వాడండి, తిండికి బదులు చెల్లించడానికి వాడకండి.

బరువు తగ్గకపోవడానికి కారణం అక్కడే ఉందని నాకనిపిస్తోంది. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. మీ నడక రోజుకు 113 చొప్పున మూడు నెలలకు పదివేల పైచిలుకు. తిండి ఏమాత్రం పెరగకపోతే కిలోంబావు తగ్గాలి. తగ్గలేదంటే ఆ 113 ఎక్కడో వెనక్కి వస్తోంది. తాలింపులో ఒక పెద్ద గరిటెడు, అంటే 15 మిల్లీలీటర్ల నూనె, అదనంగా పడితే దాదాపు 120. పిడికెడు వేయించిన బుడ్డలు (వేరుశనగలు), 20 గ్రాములు, 110 పైనే. నడిచొచ్చాను కదా అని ఉగ్గాని పక్కన రెండు మిరపకాయ బజ్జీలు తింటే నడక అక్కడికి చెల్లు. మీరు అలా తింటున్నారని నేను అనడం లేదు, మీ ఉత్తరంలో తిండి గురించి ఒక్క ముక్క లేదు. ఒక వారం పాటు తిన్నదంతా, రుచి చూసిన చెంచాతో సహా, క్యాలెండరు గళ్ళలో రాసుకోండి. వంట చేసే ఆడవాళ్ళకు ఆ రుచి చూసే చెంచాలు, పిల్లలు వదిలేసిన చివరి దోసె ముక్కలు లెక్కలోకి రావు. నాకు ఎక్కువసార్లు దొరికేది అక్కడే. వాటిని పారేయడానికి మనకు మనసొప్పదు, నాకు తెలుసు.

మా అమ్మ పత్తికొండ దగ్గర పల్లెలో పెరిగింది. బావి నుంచి నీళ్ళు మోసేది, కాయల కాలంలో పొద్దుగూకే దాకా బుడ్డలు ఒలిచేది. అంత కష్టానికి రోజుకు ఎన్ని వేల కేలరీలు ఖర్చయ్యేవో అని చదువుకునే రోజుల్లో అనుకునేదాన్ని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం 55 కిలోల స్త్రీకి, ఎక్కువసేపు కూర్చునే పనైతే రోజుకు 1,660 కేలరీలు, బరువు పనైతే 2,720 కావాలి. రోజంతా ఒళ్ళు వంచి పనిచేసినా తేడా వెయ్యి చిల్లరే. 2012లో అమెరికా మానవశాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ బృందం టాంజానియాలోని హద్జా అనే వేటగాళ్ళ తెగను పరిశీలించింది. వాళ్ళు రోజూ మనకన్నా ఎన్నో రెట్లు నడుస్తారు. అయినా ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, వాళ్ళ రోజువారీ మొత్తం ఖర్చు పట్టణాల్లో బతికే పాశ్చాత్యుల ఖర్చుకు దగ్గరగానే తేలింది. ఒకచోట ఎక్కువ ఖర్చయితే శరీరం ఇంకోచోట పొదుపు చేసుకుంటుందని ఆయన వాదన. అందరూ ఒప్పుకోలేదు గానీ, నాకు మాత్రం అమ్మ గుర్తొచ్చింది. ఆమె సన్నగా ఉండడానికి కారణం ఒక్క కష్టమే కాదు, పళ్ళెంలో ఉన్నది కూడా అంతంతే.

నడక మానకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంతో నడవాలి. మీకు రోజూ 40 నిమిషాలు కుదురుతోంది కాబట్టి అది దాటిపోతున్నారు. బరువు తగ్గకపోయినా బీపీకి, షుగరుకు, మోకాళ్ళకు, నిద్రకు ఆ నడక పనికొస్తూనే ఉంటుంది. తిండి రాసుకున్న కాగితం మాత్రం నాకు పంపండి, చూసి చెబుతాను.

ప్రశ్న: మా ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు మానేసి రోజూ మెట్లెక్కుతున్నాను. బరువు 70 కిలోలు. ఒకసారి ఎక్కితే ఎన్ని కేలరీలు కరుగుతాయి?
– కడప పాఠకుడు

జవాబు: అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున నాలుగు అంతస్తులకు 12 మీటర్లు. 70 కిలోలను 12 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి రెండు కేలరీలు. కండరాలు వాడిన శక్తిలో సుమారు నాలుగో వంతే పనిగా మారుతుంది, మిగిలింది వేడిగా పోతుంది. అందుకే ఎక్కిన తర్వాత ఒళ్ళు వెచ్చబడుతుంది. అంటే ఒకసారికి సుమారు ఎనిమిది కేలరీలు. టీలో వేసే చెంచా చక్కెరలో 20 ఉంటాయి, పోల్చి చూసుకోండి.

అంకె చిన్నదని మాత్రం వదిలేయకండి బాబూ. మెట్లెక్కడం తొడ కండరాలకు, గుండెకు ఇచ్చే వ్యాయామం కేలరీల లెక్కలో కనబడదు. మెల్లగా ఎక్కినా అది 4 మెట్, పరుగున ఎక్కితే 8 దాటుతుంది. ఒక్క నిమిషంలో ఇంత గట్టి పని ఆఫీసులో ఇంకెక్కడా దొరకదు. మోకాళ్ళ నొప్పి ఉంటే దిగేటప్పుడు లిఫ్టు వాడండి.

ప్రశ్న: మా నాన్నకు 71 ఏళ్ళు, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఫోనులో కేలరీల లెక్క చూసి, 300 వచ్చే దాకా ఆగకుండా నడుస్తున్నారు, అదీ తెల్లవారుజామున ఖాళీ కడుపుతో. మంచిదేనా?
– ఆదోని నుంచి ఒక కూతురు

జవాబు: మంచిది కాదు, ఈ వారమే మార్పించండి. ఫోనులోని లెక్క ఆయన వయసుకు తగ్గట్టు ఉండకపోవచ్చు. వయసు పెరిగేకొద్దీ ఊరకే ఉన్నప్పటి ఖర్చు తగ్గుతుంది. అందుకే 2024లో 60 దాటినవాళ్ళకు మెట్ పట్టిక విడిగా తెచ్చారు. 300 అనే అంకె కోసం ఆయన తన శక్తికి మించి నడుస్తూ ఉండొచ్చు.

అంతకన్నా నాకు భయమేసేది ఖాళీ కడుపు. కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు పరగడుపున ఎక్కువసేపు నడిస్తే షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. చేతులు వణకడం, చల్లటి చెమట, మాట తడబడడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంటకు మళ్ళీ షుగరు చూడాలి. మాట్లాడలేని స్థితిలో ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

కేలరీలు పక్కన పెట్టి గడియారం చూసుకోమనండి. పూటపూటా తిన్న తర్వాత 10, 15 నిమిషాలు మెల్లగా నడిస్తే తిన్నాక పెరిగే షుగరు బాగా అదుపులో ఉంటుంది. రాత్రి సంగటి తిన్నాక వీధిలో రెండు చుట్లు అయినా సరే. చెప్పులు కాకుండా మెత్తటి బూట్లు, సాక్సులు వేసుకోవాలి, ఇంటికొచ్చాక అరికాళ్ళు మీరే ఒకసారి చూడండి, పుండు పడినా షుగరు ఉన్నవాళ్ళకు నొప్పి తెలియకపోవచ్చు. నడిచే వేళ మార్చే ముందు మాత్రల చీటీ డాక్టరు గారికి చూపించి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మళ్ళీ రాయించుకోండి.