గ్రాహకాల ‘అక్రమ రవాణా’

సందేహం: ఒక విజ్ఞాన వ్యాసంలో ‘నాడీకణాల్లో గ్రాహకాల అక్రమ రవాణా’ అని చదివాను. గ్రాహకాలు (సంకేతాలను అందుకునే ప్రోటీన్లు, రిసెప్టర్లు) తమ చోటికి తాము చేరడంలో అక్రమమేమిటి? అసలు ‘రవాణా’ అనాలా, ‘ప్రసారం’ అనాలా?

సమాధానం: అక్రమం గ్రాహకాలది కాదు, అనువాదకునిది. ఆంగ్లమూలంలో ‘ట్రాఫికింగ్’ అన్న మాట కంటబడగానే నేరవార్తల అలవాటుకొద్దీ ‘అక్రమ’ అని తగిలించి, రాసిన వాక్యాన్ని తిరిగి చదువుకోకుండా అచ్చుకు పంపితే ఇటువంటివే పుడతాయి.

‘ప్రసారం’ ఇక్కడ కుదరదు. అది వ్యాపించడాన్ని చెబుతుంది; నాడీసంకేతానికి చెల్లుతుంది గాని, ఒకచోట తయారై మరొక నిర్ణీత స్థానంలో నిలవవలసిన ప్రోటీనుకు చెల్లదు. ‘రవాణా’ పారసీకపు ‘రవానా’. బయలుదేరినది, పంపబడినది అని దాని అర్థం. తప్పనను గాని, అందులో పంపడమే ఉంది, మోసేవాడు లేడు.

ఈ వ్యవహారమంతా మోసేవానిదే గనుక నా మక్కువ ‘వహ్’ ధాతువు మీద. ప్రవాహం, వాహిని, వివాహం ఆ ధాతువునుంచి వచ్చినవే. నవోఢ, ప్రౌఢ అన్న మాటల్లోని ‘ఊఢ’ కూడా దాని రూపమేనని, మొదటిదానిలో గుణసంధి, రెండోదానిలో గుణాన్ని కాదని వృద్ధిసంధి వచ్చాయని ఈనాడు ఎందరు గమనిస్తున్నారో తెలియదు. గాలి గంధవహుడు. అగ్నికి ‘వహ్ని’ అన్న పేరు మోయడం వల్లనే వచ్చింది. దేవతల హవ్యాన్ని మోసేటప్పుడు ఆయన హవ్యవాహనుడు, పితృదేవతల కవ్యాన్ని మోసేటప్పుడు కవ్యవాహనుడు. సరుకును బట్టి వాహకునికి పేరు మార్చిన ఈ వివేకం నాడీకణానికీ అక్కరకు వస్తుంది. కణదేహంలో తయారైన గ్రాహకాలు చిన్న తిత్తుల పొరల్లో అమరి, కణంలో పట్టాల వంటి సూక్ష్మనాళికల వెంట, సరుకు మోస్తూ నడిచే చాలక ప్రోటీన్ల మీద ప్రయాణిస్తాయి. 1985లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడీకణజాలంలో గుర్తించిన కైనెసిన్ అటువంటిదే. కణానికి ఇంధనమైన ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చుపెట్టి, అడుగుకు 8 నానోమీటర్ల చొప్పున నడుస్తుంది. ఎలుకల నాడీకణాల్లో చూస్తే, గ్లూటమేట్ అనే నాడీరసాయనాన్ని అందుకునే గ్రాహకాలలో ఎన్‌ఎండీఏ రకాన్ని కేఐఎఫ్17 అనే కైనెసిన్, సంకేతాలను అందుకునే కొమ్మలైన డెండ్రైట్ల వైపు మోసుకుపోతుండగా, ఆంపా రకాన్ని కేఐఎఫ్5 అనేది గ్రిప్1 అనే మధ్యవర్తి ప్రోటీను సాయంతో పట్టుకొని అటే తీసుకుపోతుంది.

అయితే ఒక చిక్కుంది. కణపు పైపొరలో చేరిన తరువాత ఆంపా గ్రాహకాలు ఎవరూ మోయకుండానే పొర వెంబడి పక్కలకు జరిగి, రెండు నాడీకణాలు సంధించే సినాప్సు వద్ద పీఎస్‌డీ-95 వంటి ప్రోటీన్లు పట్టి నిలిపిన చోట ఆగుతాయి. దీనిని వహనమనడానికి నాకే మనసొప్పదు. పైగా ‘ఉష్ణవహనం’ అంటూ భౌతికశాస్త్రం ఆ మాటను ముందే తీసుకున్నది. కనుక చాలక ప్రోటీన్ల పనికి మాత్రమే ‘వహనం’ అని, మొదటినుంచి చివరిదాకా జరిగే మొత్తానికి ‘చేరవేత’ అని వాడుకోవచ్చునని నా అభిప్రాయం. ‘రవాణా’యే కావాలనేవారితో తగవు పడను.