మిన్నీ పురుడు

అమ్మడూ,

మీ కుక్క మిన్నీకి కనుమ నాడు క్రాసింగ్ చేయించావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా రిటైరైన మేనమామ ఒకడున్నాడని గుర్తు రాలేదా? ముందే అడిగితే టీకాలన్నీ చూసుకున్నాకే చేయించమనేవాణ్ణి. చూలుతో ఉండగా పార్వో, డిస్టెంపర్ టీకాలు వెయ్యరు. పోయినేడాదివి సరిగ్గానే పడ్డాయన్నావట, మనసు కుదుటపడింది. కుక్క మొరిగితే నా పంచె చాటుకి చేరే పిల్లవి, ఇవాళ కుక్కకి పురుడు పోస్తానంటున్నావు. మీ అత్తయ్యకి ఈ మాట రెండుసార్లు చెప్పుకున్నాను.

లెక్క 63 రోజులు, నాలుగైదు రోజులు అటూ ఇటూ. అంటే ఉగాది దగ్గర. నెల దాటాక స్కానింగ్, 55 రోజులు దాటాక ఎక్స్‌రే. పిల్లలెన్నో ఎక్స్‌రేలో తేలకపోతే, లోపల ఇంకోటి మిగిలిందో లేదో ఆ రాత్రి నీకు తెలీదు. ఏలికపాములు తల్లి కడుపులోనే పిల్లలకి సోకుతాయి, నట్టల మందు సంగతి డాక్టర్నడుగు. గోమార్లకి చేతికందిన మందల్లా పుయ్యకు.

అసలీ ఉత్తరం కాల్షియం టానిక్ గురించి. సీసా కొని ఉంటే ఇవాళే తీసి పక్కన పెట్టు.

మా ఊళ్లో ఒక మాస్టారి ఇంట్లో పమేరియన్ ఉండేది. చూలు అని తెలిసిన రోజు నుంచి మాస్టారి భార్య పొద్దునో చెంచా, సాయంత్రమో చెంచా టానిక్ పోసింది. ప్రేమే, ఇంకేం కాదు. కానీ బయటి నుంచి అలా వస్తూంటే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే పని ఒంట్లో మందగిస్తుంది. ఈనాక పాలకి ఒక్కసారిగా బోలెడు కావాలి, అప్పుడు అందదు. అయిదు పిల్లలు పుట్టాయి. మూడో వారంలో ఒక సాయంత్రం తల్లి రొప్పడం మొదలెట్టింది, కాళ్లు బిగుసుకుని నడక తడబడింది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ పట్టారు, తెల్లారాక చూద్దామన్నారు. రిక్షాలో తువ్వాలు చుట్టి తెచ్చేసరికి ఒళ్లు కాలిపోతోంది, దవడ కొట్టుకుంటోంది. డాక్టరుగారు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి గుండె వింటూ నరానికి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తున్నారు. కాలు పట్టుకున్నది నేనే. సూది సగంలో ఉండగానే ఆ కాలు మెత్తబడిపోయింది. తల్లి పోయాక మాస్టారి భార్య ఇంకు ఫిల్లరుతో రాత్రీ పగలూ పాలు పట్టి ఆ పిల్లల్ని బతికించుకుంది. నన్ను చూసినప్పుడల్లా, "టానిక్ వల్లేనా బాబూ?" అని అడిగేది.

మిన్నీ కూడా పమేరియనే. చిన్న జాతులకే ఈ గండం ఎక్కువ. ఇప్పుడు టానిక్ వద్దు, చివరి మూడు వారాలూ కుక్కపిల్లల మేత పెట్టు, చాలు. ఈనాక నెల రోజులూ కనిపెట్టుకుని ఉండు. రొప్పినా వణికినా పిల్లల్ని పాల మీంచి తీసేసి, అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తు.

కాన్పు చాలావరకు అదే చూసుకుంటుంది. ఆఖరి వారం పొద్దునా సాయంత్రం జ్వరం చూడు. మామూలుగా 101 దాకా ఉండేది 99కి దిగిందంటే ఒక రోజులో నొప్పులొస్తాయి. గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోతే, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు గంటలు దాటితే, మొదటి పిల్ల రాకముందే ఆకుపచ్చటి ద్రవం కనిపిస్తే ఆలోచించకు, ఆటో పిలువు. ఎవరో ఇంటికొచ్చి నొప్పుల ఇంజెక్షన్ పొడుస్తానంటే గుమ్మం ఎక్కనివ్వకు. పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భసంచి చిరగొచ్చు.

పిల్లలకి మొదటి రోజే ముర్రుపాలు అందాలి. ఆ గదిలో ఏసీ వెయ్యకు తల్లీ. మొదటి వారం వాటి ఒళ్లు వాటంతటవి వెచ్చబెట్టుకోలేవు, పక్క దగ్గర 30 డిగ్రీలుండాలి. రెండో వారం నుంచి నట్టల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, మూడో నెలలో రేబిస్. ఎనిమిది వారాలు నిండకుండా ఎవరడిగినా పిల్లనివ్వకు.

రాత్రిపూట తీసి ఉండే ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని, నంబరు ఫ్రిజ్ మీద అంటించు. నేను ఉగాదికి వారం ముందే బస్సెక్కుతాను. పాత గుడ్డల కోసం వెతకొద్దు, మీ అత్తయ్య నూలు చీరలు చింపి ఉతికి పెట్టింది.

మీ మావయ్య