మోజార్ట్ ‘రాత్రి రాణి’ పాట ఏ శ్రుతిలో ఉంది? యాప్‌లు తలొక మాట ఎందుకు చెబుతున్నాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మోజార్ట్ జర్మన్ ఒపెరా ‘డీ త్సౌబర్‌ఫ్లోటె’లో, అంటే ‘మాయా మురళి’లో, రాత్రి రాణి కోపంతో పాడే రెండో పాట విన్నారు. ఒక యాప్ దాన్ని డి మైనర్ (డి స్వరం ఆధారంగా, కాస్త విషాద ఛాయ ఉన్న స్వరాల వరుస), నిమిషానికి 136 బీట్లు అంది. ఇంకొకటి ఎఫ్ మేజర్ (ఎఫ్ ఆధారంగా, వెలుగుగా వినబడే వరుస), 68 బీట్లు అని, పైగా పాటలో ‘ఆనందం’ బాగా ఉందని కూడా చెప్పింది. ఏది నమ్మాలి?

డి మైనర్ నిజం. 136 కూడా నిజానికి దగ్గరే. అయితే ఎఫ్ మేజర్ అన్న యాప్‌ను నేను పూర్తిగా తప్పుపట్టను. అది తప్పిన చోటే ఈ పాటలోని అసలు చమత్కారం ఉంది.

చిన్నప్పుడు రాజమండ్రిలో కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగం పేరుతో మ్యూనిక్ వచ్చాక ఇక్కడి నేషనల్ థియేటర్‌లో నిలబడి చూసే టికెట్లు చవకని తెలిసి ఒపెరాలకు వెళ్లడం మొదలుపెట్టాను. దర్శకుడు ఆగస్ట్ ఎవర్డింగ్ 1978లో తీర్చిన ‘మాయా మురళి’ ప్రదర్శననే ఇక్కడ ఇప్పటికీ వేస్తుంటారు. మొదటిసారి ఈ పాట వింటూ అలవాటు కొద్దీ వేళ్లమీద స్వరాలు వెతుక్కున్నాను. మొదలు కీరవాణి రాగంలా తోచింది. డి ని షడ్జమం, అంటే ఆధార స్వరం ‘స’ అనుకోండి, మన లెక్కలో రెండు శ్రుతి. సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం, అన్నీ అమరాయి. హాయిగా ఉందనుకునేలోపే గాయని పైకి ఎగిరింది, నా స్వరాల లెక్క చెదిరింది.

జరిగింది ఇది. తన శత్రువు పేరు చెప్పి ‘సరాస్ట్రోను చంపకపోతే నువ్వు నా కూతురివే కావు’ అని రాణి తన కూతురిని బెదిరించే చోట మోజార్ట్ పాటను ఎఫ్ మేజర్‌లోకి తిప్పాడు. అంటే గాంధారమే కొత్త షడ్జమం అయింది. మన భాషలో ఇది గ్రహభేదం. కీరవాణి నిషాదాన్ని ఒక మెట్టు దించితే నటభైరవి అవుతుంది, నటభైరవిని గాంధారం నుంచి పాడితే శంకరాభరణం వస్తుంది. అందరూ ఫోన్లలో తిప్పి తిప్పి వినే ఆ పిట్టకూతల్లాంటి తునక పూర్తిగా శంకరాభరణమే. మాటలేమో హత్యకు ఆజ్ఞ, స్వరాలేమో పెళ్లిలో నాదస్వరం మోగినంత వెలుగుగా ఉంటాయి. యాప్‌కు జర్మన్ రాదు, నాటకంలో తల్లి కూతురి చేతిలో కత్తి పెట్టిందన్న సంగతీ తెలియదు. మేజర్ స్వరాలు, చకచకా నడక వినబడ్డాయి, ‘ఆనందం’ అని రాసేసింది.

అదే తునకలో గొంతు ఎఫ్ 6 వరకు వెళ్తుంది, దాదాపు 1400 హెర్ట్జ్. డి షడ్జమంగా లెక్కిస్తే అది తారస్థాయి కూడా దాటిన పై స్థాయి గాంధారం. మన కచేరీల్లో తారస్థాయి పంచమం ముట్టుకుంటేనే చప్పట్లు పడతాయి! పైగా ఇక్కడ గమకం, అంటే స్వరాన్ని ఊపి పాడటం, ఆసరా ఉండదు. ప్రతి స్వరాన్నీ విడిగా, చుక్క పెట్టినట్టు పలకాలి. 1791 సెప్టెంబర్ 30న వియన్నాలో మొదటి ప్రదర్శనలో ఈ పాట పాడింది మోజార్ట్ వదినగారు యోసెఫా హోఫర్. ఆమె గొంతు కొలత తెలిసే రాశాడాయన.

వేగం సంగతి. పాట మీద మోజార్ట్ రాసింది ‘అల్లెగ్రో అస్సాయ్’, అంటే చాలా చురుగ్గా అని. అంకె ఏమీ లేదు, ఉండే వీలూ లేదు. వేగాన్ని అంకెలో కొలిచి టిక్‌టిక్ కొట్టే మెట్రొనోముకు మెల్ట్‌సెల్ పేటెంటు తీసుకున్నది 1815లో, మోజార్ట్ పోయిన 24 ఏళ్లకు. అందుకే 136 అన్నది మోజార్ట్ అంకె కాదు, ఆ రికార్డింగు నడిపించిన కండక్టర్‌ది. ఇక 68 దానిలో సరిగ్గా సగం. సినిమా పాటలో ఉన్నట్టు వెనక ఆగకుండా కొట్టే డ్రమ్ము ఇందులో లేదు కాబట్టి యాప్ రెండు దెబ్బలను ఒకటిగా లెక్కేసింది. మనం ఒకే పాటకు ఒక కాలం తక్కువగా తాళం వేసినట్టు. రెండో సగంలో ఇంకో చిక్కుంది. ‘ప్రకృతి బంధాలన్నీ తెగిపోవాలి’ అనే చోట గొంతు తిశ్ర నడకలోకి మారుతుంది, దెబ్బకు మూడేసి స్వరాలు. చివర్లో ‘వినండి, ప్రతీకార దేవతలారా’ అన్నప్పుడు లయ దాదాపు వదిలేసి ఆగి ఆగి పాడతారు. వీటన్నిటికీ సగటు కట్టి ఒక అంకె చెబితే అది దేని వేగం?

మీరు విన్నది ఏ రికార్డింగో రాయలేదు. ఎక్కువగా దొరికేది 1972లో వోల్ఫ్‌గాంగ్ సవాలిష్ నడిపించగా బవేరియన్ స్టేట్ ఒపెరా బృందంతో ఎడ్డా మోజర్ పాడినది. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి వెళ్లిన బంగారు రికార్డులో ఉన్నదీ అదే, 2 నిమిషాల 55 సెకన్లు. అదే రికార్డులో మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ గొంతూ ఉంది. చేతి గడియారం పెట్టుకుని నేను తాళం వేసి చూస్తే మోజర్ పాట నిమిషానికి 130, 140 మధ్య నడిచింది. ఆమె పాడుతుంటే నిజంగా భయం వేస్తుంది. అందంగా పాడినవాళ్లు చాలామంది ఉన్నారు, ఇంత కోపంగా పాడినవాళ్లు నాకు తారసపడలేదు.

యాప్‌ను తికమక పెట్టేది ఇంకొకటుంది, అది నేను ఇంట్లోనే పట్టుకున్నాను. కొరియా గాయని సుమి జో ఈ పాత్రను రెండు పూర్తి రికార్డింగుల్లో పాడింది. ఒకటి 1990లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో షోల్టి నడిపించింది. మరొకటి ఆ తర్వాత రెండు మూడేళ్లకు, డ్రాట్నింగ్‌హోమ్ బృందంతో ఆర్నాల్డ్ ఎస్ట్‌మన్ మోజార్ట్ కాలపు వాద్యాల మీద చేసింది. వయొలిన్‌ను స-ప-స-పగా రెండు శ్రుతికి, షోల్టి రికార్డింగుకు కలిసేలా కట్టుకుని తీగ మీద కమాను లాగుతూ విన్నాను, చక్కగా కలిసింది. ఎస్ట్‌మన్ డిస్కు మార్చగానే నా షడ్జమం పచ్చి మామిడికాయ కొరికినట్టు పుల్లగా మోగింది. బిరడా తిప్పి తీగ దించాల్సి వచ్చింది, సుమారు అర స్వరస్థానం.

కారణం ఇది. ఇప్పటి వియన్నా, జర్మన్ వాద్యబృందాలు శ్రుతి కట్టుకోవడానికి ఆధారమైన ఎ స్వరాన్ని 443 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటాయి. మోజార్ట్ కాలపు వాద్యాలతో వాయించేవాళ్లు 430 దరిదాపుల్లో పెట్టుకుంటారు. వ్యత్యాసం 50 సెంట్లకు కాస్త పైన. సెంటు అంటే శ్రుతి తేడాను కొలిచే కొలత, పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు. యాప్ 440ని ఆధారం చేసుకుని కొలుస్తుంది కాబట్టి ఎస్ట్‌మన్ లాంటి రికార్డింగు దానికి 40 సెంట్లు కిందగా వినబడుతుంది. డి అనాలా, సి షార్ప్ అనాలా అని తడబడుతుంది. మనకైతే ఇందులో వింతేమీ లేదు, గాయకుడు ఏ శ్రుతి చెబితే దానికి కట్టుకుంటాం, కీరవాణి కీరవాణే. వాళ్లకు డి మైనర్ అంటే కాగితం మీద రాసిన స్థానం, అది ఎన్ని హెర్ట్జ్ అన్నది కాలాన్ని, ఊరిని బట్టి మారింది.

మీకు కావలసింది రికార్డింగుతో కలిపి వాయించడమైతే ఇలా చేయండి. పాట చివర వాద్యాలు వచ్చి ఆగే స్వరం విని దాన్ని షడ్జమంగా పట్టుకోండి, నడుమ వచ్చే ఎఫ్ మేజర్ మాయలో పడరు. సవాలిష్ గానీ షోల్టి గానీ అయితే కీబోర్డును ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు, తేడా చెవికి పెద్దగా తెలియదు. పాతకాలపు వాద్యాల రికార్డింగు అయితే కీబోర్డు ట్యూనింగ్ సెట్టింగులోకి వెళ్లి 440 ఉన్నచోట 430 పెట్టి చూడండి. ఎలక్ట్రానిక్ తంబురా ఉంటే ఇంకా సులువు, శ్రుతిని సన్నగా సవరించే మీట కొంచెం కొంచెంగా కిందికి తిప్పుతూ చెవికి కలిసిన చోట ఆపేయండి.