మాల్టీస్ క్రాస్ దగ్గరే దిగడం మొదలెట్టాలా?

ప్రశ్న: కమర్షియల్ పైలట్ లైసెన్సుకి చదువుతున్నాను సార్. మాది మదనపల్లె, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా. ఇక్కడి ఎయిర్‌పోర్టు ఐఎల్ఎస్ చార్టు (రేడియో సంకేతాలు పట్టుకుని రన్‌వేకి దిగే దారి పటం) ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను. అందులో మాల్టీస్ క్రాస్ గుర్తు ఉన్న చోటే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ (చివరి దిగుడు మొదలయ్యే చోటు) అని రాసుకుంటే, సిమ్యులేటర్లో గ్లైడ్ స్లోప్ (ఏ వాలులో దిగాలో చూపే సంకేతం) అంతకు ముందే వచ్చేసింది, అక్కడే దిగమన్నారు. ఏది కరెక్టు? చార్టులో కొన్ని నక్షత్రం గుర్తుల చుట్టూ సున్నా ఎందుకు?

జవాబు: రెండూ కరెక్టే, గొడవంతా ఒకే కాగితం మీద రెండు అప్రోచ్‌లు (దిగే పద్ధతులు) వేయడంతో వచ్చింది. ఆ క్రాస్ గ్లైడ్ స్లోప్ పనిచేయనప్పుడు, అంటే లోకలైజర్ (రన్‌వేకి సూటిగా ఉంచే సంకేతం) ఒక్కటే పట్టుకుని వచ్చేవాళ్లకి. ఐఎల్ఎస్‌లో చార్టు ఇచ్చిన ఎత్తులో వస్తూ గ్లైడ్ స్లోప్‌ని ఎక్కడ కలుసుకుంటే అక్కడ ఫైనల్ మొదలు. అమెరికా చార్టుల్లో ఆ చోటుకి మెరుపులాంటి వంకర బాణం వేస్తారు. కంట్రోలర్ మిమ్మల్ని ఇంకా పైన ఉంచితే ఇంకా దూరంలోనే కలుస్తుంది, అయినా దారిలోని ఫిక్స్‌ల (చార్టులో గుర్తుపెట్టిన చోట్ల) దగ్గర రాసిన కనీస ఎత్తులు మాత్రం దాటి కిందికి పోకూడదు. అంకె కింద గీత ఉంటే అర్థం అదే.

అలాగని ఐఎల్ఎస్‌లో క్రాస్‌ని వదిలేయకండి, నాకైతే అసలు పని అక్కడే. దాని మీదుగా వెళ్లేటప్పుడు, సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపే ఆల్టిమీటర్ అంకె చార్టుతో కలవాలి. కలవలేదా, క్యూఎన్‌హెచ్ (ఆల్టిమీటర్‌లో పెట్టే గాలి ఒత్తిడి అంకె) తప్పు పెట్టుకునైనా ఉండాలి, అసలు దారికి పైన ఉండే దొంగ గ్లైడ్ స్లోప్‌ని పట్టుకునైనా ఉండాలి. 3 డిగ్రీల వాలులో నాటికల్ మైలుకి సుమారు 318 అడుగులు దిగుతాం, కాబట్టి రన్‌వే 5 మైళ్లుండగా చెన్నైలో ఆల్టిమీటర్ దాదాపు 1,700 చూపిస్తే, 3,000 అడుగుల మిట్ట మీదున్న మన బెంగళూరులో 4,600 చూపిస్తుంది. చెన్నై నుంచి వచ్చిన కుర్రాళ్లు ఈ అంకె చూసి ఇంకా చాలా ఎత్తులో ఉన్నామనుకుంటారు!

సున్నా ఉన్న నక్షత్రం ఫ్లై-ఓవర్, సరిగ్గా దాని మీదికి వెళ్లాకే తిరగాలి. సున్నా లేకపోతే ఫ్లై-బై, సిల్క్ బోర్డు దగ్గర ఆటోవాడు మూల రాకముందే కోసుకు తిరిగినట్టు ముందే తిరగడం మొదలెట్టాలి.

అన్నట్టు, ఎయిరాక్ మార్పులు, అంటే చార్టుల్లో చేసే సవరణలు, 28 రోజుల సైకిల్‌లో వస్తుంటాయి, గోడ మీది ప్రింటు తేదీ ఓసారి చూసుకోండి.