తిరుగు టికెట్ కొనేముందు

అమ్మలూ,

ఇంటర్వ్యూ కోసం నువ్వొక్కదానివే సింగపూర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. విన్న దగ్గర్నుంచి సంతోషం సగం, టెన్షన్ సగం.

పాస్‌పోర్టు, మందులు చేతిసంచిలోనే ఉంచుకో. మధ్యమధ్య లేచి నడువు.

దూరం దాదాపు 13,600 కిలోమీటర్లు. గంటకి 900 చొప్పున 15 గంటలు అనుకో. తెర మీద దారి ఉత్తరానికి వంగినట్టు కనిపిస్తే కంగారుపడకు, గుండ్రటి భూమి మీద దగ్గరి దారి అదే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం 17 గంటల దాకా పట్టొచ్చు. అంత ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తాయి, వచ్చేటప్పుడు ఎదురొస్తాయి.

నా భయమంతా తేదీ గురించే. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. ఈ వేసవిలో రెండు ఊళ్లకీ తేడా 15 గంటలు, చలికాలంలో 16. అందుకే ఉదయం 9కి ఎక్కితే అదే రోజు ఉదయం 9 గంటలప్పుడే దిగుతావు. వచ్చేటప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. మీ మామయ్య దెబ్బతిన్నది అక్కడే. తాతయ్యకి ఆపరేషన్ అని తెలిసి, శాన్‌ఫ్రాన్సిస్కోలో సోమవారం రాత్రి 10కి బయల్దేరాడు. పదిహేడు గంటలు కలిపి, మంగళవారానికి సింగపూర్‌లో ఉంటాననుకున్నాడు. అక్కడి నుంచి ఇంటికి మంగళవారం రాత్రికి విడిగా ఇంకో టికెట్ కొన్నాడు. దిగేసరికి బుధవారం ఉదయం 6. పసిఫిక్ మీద తేదీ రేఖ దాటితే ఒక రోజు ముందుకు జరుగుతుందని వాడికి తట్టలేదు. ఆ విమానం ముందు రాత్రే వెళ్లిపోయింది. విడి టికెట్ కాబట్టి డబ్బూ పోయింది, రెండో రోజు దాకా సీటూ దొరకలేదు. ఇక్కడ నాన్నని లోపలికి తీసుకెళ్తుంటే, “చిన్నాడు రాలేదా?” అని రెండుసార్లు అడిగారు. ఆయన కోలుకున్నారు కానీ, ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. టికెట్‌లో టైము పక్కన చిన్నగా +1, +2 అని ఉంటుంది, అంటే ఎక్కిన తేదీకి అన్ని రోజుల తర్వాత దిగుతావని. ముందు అది చూడు.

దిగిన రోజే మధ్యాహ్నం 2కి ఇంటర్వ్యూ పెట్టుకున్నావట! ఏం తొందరే నీకు? నీ ఒంటికి అప్పుడు తెల్లవారుజాము 5. రాత్రంతా మేలుకున్న మొహంతో ఏం చెప్తావు? ఇంత కష్టపడి చదివింది దీనికా? వాళ్లకి ఇవాళే మెయిల్ పెట్టి, రెండు రోజులు వాయిదా వేయమను. అడిగితే తప్పేం లేదు, బంగారం.

తిరుగు టికెట్ డబ్బు కట్టేముందు నాకు పంపించు. తేదీలు నేనూ ఒకసారి చూస్తాను.

మీ పెద్దమ్మ