అంబోసెలీకి వెళ్తున్న అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫిబ్రవరిలో కెన్యా వెళ్తున్నావనీ, అక్కడి అంబోసెలీ జాతీయ పార్కులో ఒక రోజంతా ఏనుగుల మధ్య తిరగాలని నీ కోరిక అనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. మా పెరట్లో గొంగళిపురుగును చూసి నా కొంగు వెనక దాక్కున్న పిల్ల అంత దూరం ఒంటరిగా వెళ్తోందంటే నాకు గర్వంగా ఉంది. అయినా రాత్రంతా నిద్ర పట్టలేదు. మీ పెదనాన్న ఉద్యోగం వల్ల 11 ఏళ్లు నైరోబీలో కాపురం చేసినదాన్ని కాబట్టి నాకు ఆ నేల కొత్త కాదు, నీ తొందరపాటూ కొత్త కాదు. అందుకే ఈ ఉత్తరం.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకో; హైదరాబాదులో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం కాబట్టి జంతికలు స్టీలు డబ్బాలో సర్దుకో, ఆ డబ్బా మూత కోతుల ఎదుట తీయకు. తెల్లవారుజామున చలి, ఎండెక్కాక దుమ్ము. స్వెట్టరూ నూలు చున్నీ రెండూ ఉంచుకో. అబ్జర్వేషన్ హిల్ వంటి అనుమతి ఉన్న చోట తప్ప జీపు దిగవద్దు.

ఇక నన్ను నిద్రపోనివ్వని సంగతి చెబుతాను. 5,895 మీటర్ల కిలిమంజారో టాంజానియాలో ఉన్నా, దాని మీద పడిన నీరు భూమి లోపలి నుంచి ప్రయాణించి అంబోసెలీలో ఊటలుగా పైకి వస్తుంది. చుట్టూ నేల ఎండి బూడిదలా ఉన్నా ఆ చిత్తడి మాత్రం పచ్చగా ఉంటుంది. ఉదయం ఏనుగులు పెద్ద ఆడ ఏనుగు వెనక బారులు తీరి అక్కడికి మేతకు వస్తాయి. ఆ నడకకు జీపుల బాట అడ్డం పడుతుంది.

1996లో మేము వెళ్లినప్పుడు మీ అన్నయ్యకు ఆరేళ్లు. మబ్బులు కమ్మకముందే కొండ కనబడింది, ఎదురుగా మంద వస్తోంది. ఏనుగుల వెనక ఆ మంచు కొండ పడేలా ఫోటో కావాలని నాకు పట్టుదల కలిగింది. డ్రైవరు పెద్దవాడు, మెత్తని మనిషి. "పోలే పోలే, అమ్మా, వాటికి దారి వదులుదాం" అన్నాడు. పోలే పోలే అంటే వాళ్ల స్వాహిలీ భాషలో మెల్లగా మెల్లగా అని. నేను వినలేదు. ఇంకాస్త ముందుకు, ఇంకాస్త ముందుకు అని వెంటపడి, ఎక్కువ డబ్బు ఇస్తానని కూడా ఆశపెట్టి, సరిగ్గా అవి దాటే చోట జీపు ఆపించాను. మూడు ఏనుగులు మా ముందు నుంచి దాటాయి. నాలుగోదాని వెనక వస్తున్న గున్న మా బండిని చూసి ఇవతలే ఆగిపోయింది. తల్లి అటు, బిడ్డ ఇటు, నడుమ మేము. అది తెలియని మీ అన్నయ్య సంతోషంతో కేరింత కొట్టి జీపు తలుపు మీద చరిచాడు. గున్న బెదిరి అరిచింది.

తల్లి గిరుక్కున తిరిగింది. తల ఎత్తి, చెవులు చాటల్లా విప్పి, నేరుగా మా మీదికి వచ్చి నాలుగు బారల దూరంలో ఆగింది. దాని కణత మీద తడి చార మెరవడం, కంటి రెప్పల వెంట్రుకల మీద దుమ్ము పేరుకుని ఉండడం నాకు ఇప్పటికీ కనబడతాయి. డ్రైవరు తాళం మీద చెయ్యి వేయలేదు. కదలవద్దని కళ్లతోనే చెప్పాడు. నేను మీ అన్నయ్య నోరు ఎంత గట్టిగా మూశానంటే వాడి పళ్లు నా వేలిలో దిగాయి. ఎంతసేపటికో గున్న మా వెనకనుంచి చుట్టూ తిరిగి పరుగెత్తింది. తల్లి దాన్ని పొట్ట కిందికి లాక్కుని, తొండంతో ఒళ్లంతా తడిమి, అప్పుడు కదిలింది. డ్రైవరు నన్ను ఒక్క మాట అనలేదు. ఇద్దరు తల్లులం ఒకే నిమిషంలో వణికిపోయాము, అందుకు కారణం నేను.

నిరుడు సంక్రాంతికి కొంగల ఫోటో కోసం చెరువులోకి దిగి వాటన్నిటినీ లేపేసిన పిల్లవు నువ్వు! అందుకే కోప్పడుతున్నాను. డ్రైవరును దగ్గరికి పొమ్మని అడగవద్దు, అతను వద్దంటే డబ్బు చూపవద్దు. మరుసటి ఏడు మేము మళ్లీ వెళ్లి, బాటకు దూరంగా ఇంజను ఆపి, మాట్లాడకుండా గంటసేపు కూర్చున్నాము. ఏనుగులు వాటంతట అవే మేస్తూ మా రెండు పక్కలకూ వచ్చాయి. తొండంతో గడ్డి పెరికి, మట్టి రాలేలా కాలికి కొట్టుకుని నోట్లో పెట్టుకోవడం, నమిలే చప్పుడు, పొట్టల్లోంచి వచ్చే సన్నని గుర్రు అన్నీ చెవి పక్కనే వినిపించాయి. మీ అన్నయ్య నా ఒళ్లో ఊపిరి బిగబట్టి చూశాడు. ఆ రోజు ఫోటో ఒక్కటీ తీయలేదు.

ఆ గంట నీకూ దక్కాలని నా ఆశ, తల్లీ. సాయంత్రం బసకు చేరగానే ముందు మీ అమ్మకు ఫోను చెయ్యి, తరువాత నాకు. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ