పిల్లలను తెచ్చుకునే ముందు వరంగల్‌లో గడిపే రోజులు

“దత్తత ఉత్తర్వు వచ్చింది, పిల్లల పాస్‌పోర్టులు కూడా తయారయ్యాయట, వచ్చే నెల వరంగల్ వెళ్తున్నాం. అక్కడ ఎన్నాళ్లు ఉండాలి?” అని అడిగే అమెరికా తెలుగువాళ్లు ఈ మధ్య పెరిగారు. మాది హనుమకొండ. సొంత అక్కాతమ్ముళ్లయిన మా పిల్లలిద్దరినీ ఆ ప్రాంతంలోని శిశుగృహ (దత్తతకు ఇచ్చే పిల్లలను ఉంచే కేంద్రం) నుంచే అమెరికాకు తెచ్చుకున్నాం. ఆఫీసువాళ్లు సెలవు ఎంత ఇస్తే అంతా వాడుకోండి. ఆ సెలవును బంధువులకూ బట్టల దుకాణాలకూ పంచకుండా పిల్లలకే అట్టిపెట్టండి.

ముందు కాగితాల సంగతి ముగిస్తాను. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టుకు బదులు జిల్లా కలెక్టరే ఇస్తున్నారు. దాని ఆధారంగా మిమ్మల్ని తల్లిదండ్రులుగా చూపే జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీటితోపాటు దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం 23వ అధికరణం కింద ఢిల్లీలోని కేంద్ర దత్తత సంస్థ కారా ఇచ్చే ధ్రువపత్రం. వీటన్నిటిలోనూ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలేసే అలవాటు మనవాళ్లకు ఉంది. అలా వదిలితే అమెరికా వీసాలో పిల్లవాడి పేరు ఇంటిపేరు చోటికి జరిగిపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. తర్వాత బడిలో చేర్చేటప్పుడు ప్రతి గుమాస్తాకూ కథంతా చెప్పుకోవాలి. ఇంకొకటి, 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. పాత కాగితంలో ఒక జిల్లా, కొత్త దాంట్లో ఇంకొకటి కనిపిస్తే గాబరా పడకండి, ఎవరైనా అడిగితే ఈ సంగతి చెప్పండి. దసరా ముందూ వెనుకా ప్రయాణం పెట్టుకోవద్దు. బతుకమ్మ చూడవచ్చని ఆశగానే ఉంటుంది కానీ, ఆ రోజుల్లో ఆఫీసుల్లో పని ముందుకు కదలదు.

ఇక పిల్లల సంగతి. అప్పగింత రోజునే కారెక్కించి శంషాబాద్ చేరాలని చూడకండి. శిశుగృహకు దగ్గరలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. వాళ్లు ఒప్పుకుంటే అప్పగింతకు ముందు కొన్నాళ్లు రోజూ వెళ్లి భోజనం వేళ అక్కడే కూర్చోండి. అక్కడి ఆయమ్మకు తెలిసిన విషయాలు ఏ నివేదికలోనూ ఉండవు. మా బాబుకు అన్నం పెట్టే ఆయమ్మ పప్పన్నాన్ని మెత్తగా పిసికి, చిన్న ముద్దలు చేసి కంచం అంచు వెంట వరసగా పేర్చేది. వాడు ఒక్కొక్క ముద్దా తానే తీసుకుని, మిగిలినవి ఉన్నాయో లేవో చూసుకుంటూ తినేవాడు. చెంచాతో నోటికి అందిస్తే పెదవులు బిగించేవాడు. ఇది చూడకుండా వచ్చి ఉంటే, అమెరికాలో పిల్లవాడు తిండి మానేశాడని డాక్టర్ల చుట్టూ తిరిగేవాళ్లం.

ఆయమ్మను ఇంకా అడగండి. దీపం ఉంటేనే నిద్రపోతారా, పక్కన ఎవరు పడుకునేవారు, స్నానానికి వేడినీళ్లా చన్నీళ్లా, ఏడిస్తే ఎవరి దగ్గరకు పరుగెత్తేవారు? నలుగురి మధ్య ఒకే హాల్లో నిద్రపోయిన పిల్లలు ఏసీ గదిలో, తలుపు మూసిన నిశ్శబ్దంలో బెదిరిపోతారు. వాళ్లు కప్పుకున్న పాత దుప్పటి ఇవ్వమని అడగండి, బదులుగా నాలుగు కొత్తవి కొనివ్వండి, తెచ్చుకున్న దాన్ని మాత్రం ఉతక్కండి. కొందరు పిల్లల ఇంటి మాట లంబాడీయో కోయో అయి ఉంటుంది, అడిగి రాసుకోండి. మా పాప అరటిపండు దాచి దిండు కింద పెట్టుకునేది. దొంగతనం అని కోప్పడవద్దు. ఆకలి తెలిసిన పిల్లలు అలా చేస్తారు. అందేచోట ఒక పళ్లబుట్ట పెడితే కొన్నాళ్లకు ఆ అలవాటు దానంతటదే పోతుంది.

బంధువులు ప్రేమతోనే వస్తారు, ప్రేమతోనే ప్రాణం తీస్తారు. “ఎవరి పిల్లలు, ఏ కులం?” అన్న ప్రశ్న మొదటి టీ కప్పుతోనే వస్తుంది. “పెద్దమ్మా, ఆ వివరాలు బయట చెప్పడానికి చట్టం ఒప్పుకోదు” అనండి. అబద్ధమేమీ కాదు, ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. ఆ గతం పిల్లలది, చెప్పాలో వద్దో పెద్దయ్యాక వాళ్లే చూసుకుంటారు. ఫంక్షన్ హాల్లో విందు పెట్టమని అత్తమ్మ పట్టుబడితే మరుసటి ఏడాదికి వాయిదా వేయండి. వందమంది ఎత్తుకుని ముద్దాడితే, తమ అమ్మానాన్నలు ఎవరో పిల్లలకు ఎలా తెలుస్తుంది? సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు మీద మీ నలుగురే నడిచి రావడం మేలు.

అమెరికాకు వెళ్లే దత్తత పిల్లల వీసా పని ఢిల్లీలోని రాయబార కార్యాలయంలో. ఢిల్లీకి విమానమే సుఖమని అందరూ అంటారు, నేను రైలే అంటాను. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగుతుంది. దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ఒకే పెట్టెలో ఉంటారు. రామగుండం దాటాక గోదావరి వంతెన మీద కిటికీ దగ్గర చోటు కోసం పిల్లలు పోట్లాడుకుంటే సంతోషించండి, బెరుకు పోతోందన్నమాట. వీసా వైద్య పరీక్షలో రెండేళ్లు దాటినవారికి క్షయ కోసం రక్తపరీక్ష చేస్తారు. అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, దానివల్ల ఆలస్యం కావచ్చు. అందుకని తిరుగు టికెట్టును వీసా మరునాటికే కొనవద్దు.

హెచ్‌1బీ మీద కొత్తగా వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకు. ఈ పద్ధతిలో పిల్లల కోసం పెట్టే ఐ-800 దరఖాస్తు అమెరికా పౌరులే పెట్టగలరు. ఊళ్లో బంధువుల బిడ్డను బాండు పేపరు మీద దత్తత రాయించుకున్నంత మాత్రాన వీసా రాదు. వలస చట్టం తెలిసిన న్యాయవాదిని కలవనిదే ఏ బిడ్డకూ, ఏ కుటుంబానికీ మాట ఇవ్వకండి.

అమెరికా చేరాక, పిల్లలు ఎలా ఉన్నారో రెండేళ్లపాటు నివేదికలు పంపాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. దత్తత ఏజెన్సీ సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి చూసి రాస్తారు, ఫొటోలు అడుగుతారు. ఐహెచ్-3 వీసాతో (స్వదేశంలోనే దత్తత పూర్తయిన పిల్లలకు ఇచ్చేది) దిగిన పిల్లలకు అమెరికా పౌరసత్వ ధ్రువపత్రం మామూలుగా ఇంటికే పోస్టులో వస్తుంది. అందులో కూడా పేరు సరిచూసుకుని, ఆ తర్వాతే భారత పాస్‌పోర్టును తిరిగి అప్పగించడం, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) పని మొదలుపెట్టండి.